మావాడిని తాగుబోతుని చేసిన కథ

మావాడు తాగుబోతని నాకు మొదట చెప్పింది మైకు. కన్నతల్లిని, వాడు పుట్టిన దగ్గర్నుంచీ వాడితో ఒకే కప్పు కింద ఉన్నదాన్ని, నాకా సంగతి తెలియదు. హాల్లో ఏసీ కింద చల్లగా కూర్చున్న పెద్దమనుషులకి మాత్రం తెలిసిపోయింది. అప్పుడు వాడు నా పక్క కుర్చీలోనే కూర్చుని కాగితం కప్పులో టీ ఊదుకుంటున్నాడు. టీ కాస్త వేడిగా ఉంటేనే నాలుక కాలుతుందని భయపడే మనిషి.

ఆ సభ మా కోడలి కోసం పెట్టిందే. కోడలు పనిచేసే సంస్థ ఒక్క మా ఊళ్ళోనే కాదు, పేద దేశాలన్న చోటల్లా ఉంది. పనులు లేని చోట పనులు పుట్టించడం, చిన్న పనివాళ్ళకి మిషన్లు ఇప్పించడం, వాళ్ళ సరుకు కొనేవాళ్ళని వెతికిపెట్టడం వాళ్ళ పని. ముందు వీధి బాగుపడాలి, అప్పుడు దేశం బాగుపడుతుందని ఆఫీసు గోడ నిండా రాసుకున్నారు. కోడలు అక్కడ మొదట కుట్టుపని నేర్చుకోడానికి చేరింది. తర్వాత నేర్పింది. తర్వాత నేర్పేవాళ్ళ మీద అధికారి అయింది. పాత డైరెక్టరు జబ్బు చేసి వెళ్ళిపోతే, "సరైన మనిషి దొరికేదాకా నువ్వే చూసుకోమ్మా" అని తాత్కాలికంగా ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. సరైన మనిషిని వెతకడానికి వెళ్ళినవాళ్ళు ఏడాది దాటినా వెతుకుతూనే ఉన్నారు. కళ్ళెదురుగా కుర్చీలో కూర్చుని పొద్దున్నించి సాయంత్రం దాకా చాకిరీ చేసే మనిషి వాళ్ళ కంటికి ఆనలేదు.

సరే, ఆ రోజు చైర్మన్‌గారు మైకు అందుకున్నాడు. మాట మెత్తన, నడక మెత్తన, ఆయన వెనక నుంచి వచ్చి నిలబడినా తెలియదు. అందుకే ఆఫీసులో ఆడపిల్లలు ఆయనకి దూది సారు అని పేరు పెట్టారు. చందాలిచ్చే ఆసాములందరినీ చూస్తూ, మా కోడలి వైపు చెయ్యి చూపించి మొదలెట్టాడు.

"ఈమె భర్త పచ్చి తాగుబోతు. ఉన్నదంతా తాగేశాడు. షాపు మూతపడింది. ఇంట్లో రోజూ దెబ్బలు. ఆ చీకట్లో ఉన్న ఆడబిడ్డ చెయ్యి పట్టుకుని మన సంస్థ బయటికి తీసుకొచ్చింది."

చప్పట్లు. ముందు వరసలో ఒకావిడ కళ్ళు ఒత్తుకుంది.

మావాడు నా వైపు వంగాడు. "అమ్మా, ఎవర్ని అంటున్నాడు?"

"నిన్నేరా."

"నన్నా?" అని వాడు కప్పులోకి తొంగి చూసుకున్నాడు, టీ కాకుండా ఇంకేమైనా ఉందేమోనని.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. లేవబోయాను. వాడు నా మోచెయ్యి పట్టుకుని, "కూర్చోవే, అందరూ చూస్తారు" అన్నాడు. స్టేజి మీద కోడలి మొహంలో నెత్తురు చుక్క లేదు. తర్వాత తెలిసింది, ఆ పిల్లా ఆ ముక్క వినడం అదే మొదటిసారని.

మా షాపు ఎందుకు మూతపడిందో నన్నడిగితే నేను చెప్పేదాన్ని. మాది రేకు పని. మా ఆయన దగ్గర మావాడు నేర్చుకున్నాడు. జింకు రేకు కత్తిరించి, గుండ్రంగా చుట్టి, అంచు మడిచి, అడుగు బిగించి, టంకం పెట్టి బకెట్లు చేసేవాడు. సుత్తి చప్పుడు ఆగితే నాకు మెలకువ వచ్చేది, అంత అలవాటు. కారుతోందని మా బకెట్టు వెనక్కి తెచ్చిన మనిషి లేడు. ఏళ్ళ తరబడి వాడి, అడుగు మార్పించుకోడానికి తెచ్చేవాళ్ళు.

ఒక ఎండాకాలం వీధుల్లోకి లారీలు వచ్చాయి. ఇంటింటికీ ప్లాస్టిక్ బకెట్లు, మూతతో సహా, ఉచితం. నీలం రంగువి. మా ఇంటికీ ఇచ్చారు. బకెట్లు చేసి అమ్ముకునే వాడి గుమ్మంలో బకెట్టు పెట్టి, నవ్వుతూ ఫోటో తీసుకుని పోయారు! ఆ తర్వాత రేకు బకెట్టు ఎవడు కొంటాడు? చేసినవి చేసినట్టు షాపులో తుప్పు పట్టాయి. మావాడు తలుపు మూసి, ఇంకొకరి కార్ఖానాలో ఏసీలకి రేకు గొట్టాలు చేసే పనికి కుదిరాడు. ఇప్పటికీ అదే పని. సాయంత్రం వస్తూ కూరగాయలు తెస్తాడు. ఇదీ తాగుబోతు దినచర్య.

ఇంతకీ ఆ లారీల మీద ఉన్న గుర్తు, కోడలి ఆఫీసు గుమ్మం మీదున్న గుర్తు ఒకటే. బకెట్లు పంచింది వాళ్ళే. మరుసటి ఏడు, "అయ్యో, ఈ వీధిలో పనులు లేవే" అంటూ శిక్షణ కేంద్రం పెట్టిందీ వాళ్ళే.

ఇంటికి రాగానే కోడల్ని కూర్చోబెట్టి అడిగాను. "ఏవమ్మా, నా కొడుకు నిన్ను ఎప్పుడు కొట్టాడు? నేను ఊళ్ళో లేనప్పుడా?"

"అత్తయ్యా, మీరు కూడా ఏంటండీ!" అని ఏడ్చేసింది పాపం. తర్వాత అసలు సంగతి చెప్పింది. ఆఫీసులో కథలు పోగుచేసే అమ్మాయి ఒకతె ఉంది. సాయం అందుకున్న వాళ్ళ దగ్గరికి వెళ్ళి, ముందు ఎలా ఉండేవారు, ఇప్పుడెలా ఉన్నారు అని అడిగి, చందాలిచ్చే వాళ్ళకి వినిపించేలా మలచడం ఆమె ఉద్యోగం. ప్రతి సభలో ఒకరి కథ చెప్పాలన్నది అక్కడి రివాజు. మా కోడల్ని అడిగినప్పుడు, షాపు మీ బకెట్ల వల్లే పోయిందని చెప్పిందట ఈ పిల్ల. ఆ అమ్మాయి నొచ్చుకుని, "అది వద్దులెండి మేడమ్, వినేవాళ్ళకి అయోమయంగా ఉంటుంది. మీ ఆయనకి ఏదైనా అలవాటుందా?" అందట. "పొద్దున్నే రెండుసార్లు టీ తాగుతారు" అందట ఇది. ఆ తాగడాన్ని పట్టుకుపోయి వాళ్ళకి కావలసినంత పెంచుకున్నారు.

మర్నాడే కోడలు దూది సారు గదికి వెళ్ళి గట్టిగా అడిగింది. ఆయన ఏమన్నాడో తెలుసా? "అమ్మా, అది మీ ఆయన గురించి కాదు. అలాంటి భర్తలందరి గురించీ." అలాంటి భర్తలందరూ ఎక్కడున్నారో వాళ్ళ పేర్లే చెప్పుకోవచ్చుగా? మావాడి మొహమే దొరికిందా?

ఈ గొడవ చల్లారకముందే బూట్ల సంగతి వచ్చిపడింది. ఎక్కడో దూరదేశంలో ఒక కంపెనీ వాళ్ళ గోడౌన్లలో మిగిలిపోయిన బూట్లు బడి పిల్లలకని సంస్థకి ఉచితంగా ఇస్తానందట. ఓడలో రావడం, లారీల్లో పంచడం. దూది సారుకి కాళ్ళు నేల మీద ఆనలేదు. కానీ మా ఊళ్ళో బస్టాండు వెనక ఒక వీధి వీధంతా బూట్లు కుట్టేవాళ్ళే. ఆ వీధి నడుస్తున్నదే బడి బూట్ల మీద. బళ్ళు తెరిచే ముందు కుట్టినవే వాళ్ళకి ఏడాది పొడుగునా తిండి. సంస్థే వాళ్ళకి కుట్టుమిషన్లు ఇప్పించింది. ఇప్పించిన చేత్తోనే ఆ మిషన్లకి పని లేకుండా చేయబోతోంది.

కోడలు ఎంత చెప్పినా బోర్డువాళ్ళు వినలేదు. "మీరు తాత్కాలికం కదమ్మా. ఇలాంటి నిర్ణయాలు డైరెక్టరు వచ్చాక చూద్దాం" అన్నారు. అప్పుడే ఈ పిల్ల పట్టు పట్టింది, ఆ కుర్చీ నాకే కావాలని. జీతం కోసమూ కాదు, కారు కోసమూ కాదు. డైరెక్టరు సంతకం లేనిదే ఓడ కదలదు. ఆ ఓడ కిరాయి పెట్టే డబ్బుతో వీధిలోనే బూట్లు కుట్టించి పిల్లలకి ఇవ్వొచ్చని దాని లెక్క.

ఎంపిక రోజు దగ్గర పడింది. నిలబడ్డది ఇద్దరే. ఒకరు మా కోడలు. రెండోవాడు పై చదువులు చదివి, బోలెడు దేశాలు తిరిగొచ్చిన కుర్రాడు. కొత్తబాబు అనుకోండి. దూది సారు కోడల్ని పిలిచి తలుపు దగ్గరగా వేసి చెప్పాడట. "ఓట్లు వేసేవాళ్ళలో సగం మంది చందాలిచ్చేవాళ్ళే. వాళ్ళకి నీ కథంటే ప్రాణం. ఆ రోజు నువ్వే మైకు ముందు నిలబడి నీ నోటితో చెప్పు. కుర్చీ నీదే అనుకో."

"భర్త తాగుడుతో సహానా సార్?"

"అది లేకపోతే ఇంకేం మిగిలిందమ్మా అందులో!"

ఆ సాయంత్రం మా వంటింట్లో పెద్ద తగువు. తగువంటే అరుపులు కాదు. మావాడు కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతున్నాడు, కోడలు గిన్నెలు తోముతోంది, నేను పీట మీద కూర్చుని ఉడికిపోతున్నాను.

మావాడే ముందు నోరు విప్పాడు. "చెప్పెయ్యి."

కోడలు వెనక్కి తిరిగింది. "ఏం చెప్పమంటారు?"

"తాగుబోతునని చెప్పెయ్యి. కొట్టేవాణ్ణని కూడా చెప్పు, సరదాగా. నన్ను తెలిసినవాడు ఎవడు నమ్ముతాడు? నమ్మేవాడికి నేను తెలీదు. ఒక షాపు మూతపడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. అక్కడ వీధి మొత్తం ఉంది."

"ఒరేయ్, మీ నాన్న పేరు రా అది!" అన్నాను.

"నాన్న పేరు బకెట్ల మీద ఉండేదమ్మా. ఆ బకెట్లే లేవు ఇప్పుడు."

"నోర్ముయ్యి" అన్నాను.

కోడలు చేతులు తుడుచుకుని, వాడి ఎదురుగా నేల మీద చతికిలబడింది. "మీరు అంత తేలిగ్గా అనేస్తే నేనేం చెయ్యను? కాసేపు వద్దని గొడవైనా చెయ్యండి."

"నువ్వు చెయ్యి, నాకు వంకాయలున్నాయి" అన్నాడు మహానుభావుడు.

ఆ రాత్రి అది ఏం నిర్ణయించుకుందో మాకు చెప్పలేదు.

ఎంపిక రోజు మళ్ళీ అదే హాలు. ముందు కొత్తబాబు మాట్లాడాడు. తెర మీద గీతలు పైకి పైకి పోయాయి, రంగురంగుల గుండ్రాలు తిరిగాయి. పాపం కుర్రాడు చెడ్డవాడు కాదు. ఏ వీధి పేరూ ఎత్తలేదు, అంతే. తర్వాత కోడలు లేచింది. దూది సారు మందహాసంతో మైకు సర్దాడు. కోడలు మొదలుపెట్టింది కూడా వాళ్ళు కోరుకున్నట్టే.

"మా షాపు మూతపడినప్పుడు మా ఇంట్లో చాలా కష్టంగా ఉండేది."

ముందు వరసలో ఆవిడ చేతిసంచి తెరిచి రుమాలు తీసిపెట్టుకుంది. అయ్యో, చెప్పేస్తోంది అనుకున్నాను. మావాడు మాత్రం, 'కానీ, కానీ' అన్నట్టు తల ఊపుతున్నాడు. కోడలు వాడినే చూస్తూ ఆగిపోయింది. దూది సారు కిందనుంచి మెల్లగా అందించాడు. "మీ ఆయన..."

"అవును, మా ఆయన" అంది కోడలు. "వెనక వరసలో కూర్చున్నారు. ఏవండీ, ఒక్కసారి లేవండి."

వాడికి లేవక తప్పింది కాదు. చేతిలో సగం తిన్న బిస్కెట్టు. హాలంతా వెనక్కి తిరిగింది, తాగుబోతుని చూద్దామని. ఇస్త్రీ చొక్కా, నెరిసిన మీసం, చెవుల దాకా ఎర్రబడిన మొహం. జనానికి జాలిపడాలో, భయపడాలో, చప్పట్లు కొట్టాలో తెలియలేదు.

"ఆయన తాగరు. నన్నెప్పుడూ కొట్టలేదు. నా గురించి ఇక్కడ చెబుతున్న కథ నిజం కాదు. మా షాపు మూతపడింది మన సంస్థ ఉచితంగా పంచిన బకెట్ల వల్ల. పంచినవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. మీ ఊళ్ళో బకెట్లు చేసేవాళ్ళున్నారా అని ఒక్కమాట అడగలేదు, అంతే. ఇప్పుడు బూట్లు వస్తున్నాయి. బస్టాండు వెనక వీధిలో బూట్లు కుట్టేవాళ్ళున్నారు. వాళ్ళని ముందు అడుగుదామనే నేను ఈ కుర్చీ అడుగుతున్నాను. ఇంకెందుకూ కాదు."

ముందు వరసలో ఆవిడ రుమాలు మళ్ళీ సంచిలో పెట్టేసుకుంది. నేను మాత్రం చప్పట్లు కొట్టాను. ఒక్కదాన్నే కొడుతుంటే ఆ చప్పుడు నాకే వింతగా వినిపించింది, అయినా ఆపలేదు.

దూది సారు మైకు లాక్కున్నాడు. ఆయన చెయ్యి మెత్తగా లేకపోవడం అప్పుడే చూశాను. "మేడమ్‌గారు కాస్త ఉద్వేగంలో ఉన్నారు. టీ తాగి కలుద్దాం."

టీ తాగాక ఏం చెప్పారో చెప్పక్కర్లేదు. కొత్తబాబు డైరెక్టరు. మా కోడలికి సంస్థ మీద గౌరవం తక్కువట. అయినా వదులుకోవడం ఇష్టంలేక సలహాదారు అని ఒక పేరిస్తారట, కొత్తబాబుకి పని నేర్పాలట. చూశారా? పని నేర్పేంత వచ్చు గానీ, పని చేసేంత రాదు! పైగా ఒక బోర్డు పెద్దాయన నా దగ్గరికొచ్చి, "మీ కోడలికి ఆవేశం ఎక్కువమ్మా, మీరైనా చెప్పండి" అన్నాడు. "ఆవేశం నాది బాబూ, అది నా దగ్గర నేర్చుకుంది" అన్నాను. అది అబద్ధం. ఆ పిల్లకి ఆవేశం ఎక్కడిది, ఉంటే ఏడాదిపాటు ఓర్చుకునేదా?

సలహాదారు పని వద్దని అక్కడే చెప్పేసి వచ్చింది. బస్సులో మావాడు కిటికీ వైపు చూస్తూ అన్నాడు, "చెప్పేయాల్సింది. ఒక్క అబద్ధానికి వీధి బతికేది."

"ఇవాళ మీ మీద అబద్ధమాడి కూర్చుంటే, రేపు ఇంకోటి ఆడమంటే ఏ మొహంతో కాదంటానండీ?"

వాడు కిటికీ మూసి దాని వైపు తిరిగాడు. తర్వాత, "నన్ను అంతమందిలో లేపావు చూడు, చేతిలో బిస్కెట్టుతో" అన్నాడు. ఇద్దరూ నవ్వడం మొదలెట్టారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇప్పటికీ రాదు.

కొత్తబాబు చేసిన మొదటి సంతకం ఓడ మీదే. ఆ కబురు తెలిసిన పొద్దున కోడలు ఎవరికీ చెప్పకుండా చెప్పులేసుకుంది. నేనూ వెంట బయల్దేరాను. బూట్ల వీధిలో గుమ్మం గుమ్మానికీ తోలు వాసన, జిగురు వాసన. అక్కడి పెద్ద మేస్త్రీ నోట్లో మేకులు పెట్టుకుని మడమ కొడుతున్నాడు. కోడలు విషయం చెప్పింది. ఆయన మేకులు ఒక్కొక్కటే అరచేతిలోకి ఉమ్మి, "ఉచితమా?" అన్నాడు. "ఉచితంతో ఎలా పోటీ పడాలమ్మా? మేం ఎదురు డబ్బులిచ్చి తొడగాలా?"

"నాతో ఆఫీసుకి రండి" అంది కోడలు.

"నీకే లేదుగా తల్లీ అక్కడ కుర్చీ."

"నిలబడదాం."

వాళ్ళు నిలబడ్డారు. నేను సోఫాలో కూర్చున్నాను. ఎర్ర సోఫా, లోపలికి దిగిపోయింది, లేవాలన్నా లేవలేను. రిసెప్షన్ అమ్మాయి, "అపాయింట్‌మెంట్ లేదు కదండీ" అంటూనే ఉంది. బూట్ల వీధివాళ్ళు గోడ పొడుగునా, మెట్ల మీదా నిండిపోయారు. మధ్యాహ్నానికి కొత్తబాబు దిగొచ్చాడు. ఇంతమందిని చూసి, "మీ తరఫున ఎవరైనా ఒక్కరు రండి, మాట్లాడదాం" అన్నాడు. మేస్త్రీ కోడలి వైపు చెయ్యి చూపించాడు. కోడలు లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. టీ కప్పులు లోపలికి వెళ్ళాయి, బయటికి వచ్చాయి. మాకెవరికీ ఇవ్వలేదు.

బయటికి వచ్చినప్పుడు కోడలి మొహం చూసి ఏమీ పోల్చుకోలేకపోయాను. వెనకే కొత్తబాబు.

"వచ్చే ఏడు నుంచి మీ దగ్గరే కొంటారట" అంది. "మాటిచ్చారు. కాగితం మీద పెట్టించాను."

"మరి ఈ ఏడు?" అన్నాడు మేస్త్రీ.

"ఓడ బయల్దేరిపోయిందట. వచ్చినవి పంచేస్తారట."

గోడ పొడుగునా నిలబడ్డవాళ్ళు మేస్త్రీ వైపు చూశారు. కొత్తబాబు గొంతు సవరించుకుని, "ఇది మంచి ముందడుగు. ఒక్క ఏడాది ఓపిక పడితే..." అని ఏదో అనబోయాడు.

సోఫా చేతులు పట్టుకుని ఎలాగో లేచాను. "బాబూ, ఆ ఒక్క ఏడాదీ వీళ్ళేం తినాలి?"

రిసెప్షన్ అమ్మాయి, "అమ్మమ్మా, కొంచెం మెల్లగా మాట్లాడండి, పైన మీటింగు జరుగుతోంది" అంది.

పైకి వినపడేలా మళ్ళీ అడిగాను.